ఎత్తేసిన చరణం

మా గుడిలో ఒక పాటకు మొదట నాలుగు చరణాలుండేవి. నేను పదో తరగతి చదువుతున్న ఏడు సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని దాన్ని మూడు చరణాలు చేశారు. నాలుగోది ఎత్తేశారు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. కాకపోతే అది ఎవరి మీద కోపమో, ఆ సంగతి మాత్రం నాలో చాలాసార్లు అటూ ఇటూ మారింది.

గుడి అంటే పెద్ద పేరున్నదేమీ కాదు. నంద్యాలలో మా పేటవాళ్ళు రాయీ సున్నమూ మోసి కట్టుకున్న చిన్న ప్రార్థన మందిరం. రేకుల కప్పు. ఎండాకాలం లోపల కూర్చుంటే నరకం గురించి పాస్టరు అయ్యగారు వేరే చెప్పనక్కర్లేదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్ళం. మా నాయన బడిపంతులు, సంఘ పెద్దల్లో ఒకడు. నేను పాటలు పాడే ఆడపిల్లల్లో ముందు వరస. గొంతు బాగుందని అందరూ అనేవాళ్ళు. బాగుందని నాకూ తెలుసు. అంట్లు తోమేటప్పుడు కూడా దీనికి ఆ పొగరు దిగదని మా అమ్మ దెప్పేది.

ఆ పాట కట్టింది మా చిన్నాయన, అంటే మా అమ్మ చెల్లెలి భర్త. ఆళ్లగడ్డలో బడిపంతులు. హార్మోనియం వాయించేవాడు, పాటలు కట్టేవాడు. కట్టినవి చాలానే ఉన్నాయి గానీ జనం నోట నిలిచింది ఇదొక్కటే. ‘దొరువెండిపోయె దేవా, దోసిలొట్టిదాయె’ అని మొదలవుతుంది. దొరువంటే చేని పక్కన తవ్వుకునే నీళ్ళ గుంట. మొదటి చరణంలో దొరువు ఎండిపోతుంది. రెండో చరణంలో చేను నెర్రెలు బారుతుంది. మూడో చరణంలో మనిషే ఎండిపోతాడు, దేవుడి పేరు పలకడానికి నాలుక మీద తడి కూడా మిగలదు. నాలుగో చరణంలో ఊట పడుతుంది. ఆకాశం నుంచి వాన కురవడం కాదు, నిలబడ్డ చోటే కాళ్ళ కింద చల్లగా తడి తగులుతుంది. అక్కడ రాగం పైకి లేస్తుంది. అంతసేపూ అడుగున తిరిగిన గొంతు అక్కడికొచ్చి విప్పుకుంటుంది. పాడేవాళ్ళకు ఒళ్ళు ఝల్లుమనేది.

ఆ చరణంలోనే ఆయన పేరుంది. పాతకాలంలో కీర్తనలు కట్టినవాళ్ళు చివర తమ పేరు పెట్టుకున్నట్టే, ఆయనా తన పేరు తెచ్చి ఆ ఊట పక్కన పెట్టుకున్నాడు. ఆ పేరు నేనిక్కడ రాయను.

పాట వరస ఆయన సొంతం కాదు. పత్తి తీసే ఆడవాళ్ళు పాడుకునే పాటల్లోంచి తీసుకుని నడక తగ్గించాడు. అందుకే గోస్పాడు పక్క పల్లెల నుంచి వచ్చే అక్షరం రాని ముసలమ్మలు కూడా ఒక్క ఆదివారంలో పట్టేశారు. సమాధుల దగ్గర అదే పాట. విత్తనం వేసేముందు ప్రార్థనకు అదే పాట. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గర అదే పాట. మా అమ్మను కన్న తాత ఏటా ఆళ్లగడ్డలో జరిగే ప్రార్థన సభల్లో ఆయన గొంతు విని, తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకుని, ఈ పిల్లవాడికి నా చిన్నబిడ్డనిస్తానని పక్కవాళ్ళతో అన్నాడట. ఇచ్చాడు కూడా. ఆస్తి చూడలేదు, ఇంటివాళ్ళు ఎట్లాంటివాళ్ళో వాకబు చేయలేదు. పాట విని పిల్లనిచ్చిన ఇల్లు మాది.

ఎండాకాలం సెలవులకు నన్ను ఆళ్లగడ్డ పంపేవాళ్ళు, చిన్నాయన దగ్గర పాటలు నేర్చుకోమని. బస్సు దిగగానే ఉలి చప్పుడు వినిపించేది. వాళ్ళ ఇల్లు రాయి చెక్కేవాళ్ళ కొట్టాలకు దగ్గర. రోడ్డు వారన తలలు రాని దేవుళ్ళు, చేతులు రాని దేవతలు తెల్లటి దుమ్ములో పడుకుని ఉండేవాళ్ళు. విగ్రహాల వైపు చూడకూడదని మాకు నేర్పారు గనుక నేను పక్కచూపులు చూసేదాన్ని, అంటే ఇంకా ఎక్కువసేపు చూసేదాన్ని. ఆ రాళ్ళ మీద చెక్కినవాళ్ళ పేరుండేది కాదు. చిన్నాయనకు అది వింతగా తోచేది. పేరు లేకుండా ఇంత పని ఏమిటికి చేస్తాండారబ్బా వీళ్ళు అని నవ్వేవాడు.

నేర్పడంలో ఆయనంత ఓపిక గలవాణ్ణి నేను తర్వాత ఎక్కడా చూడలేదు. బడిలో మమ్మల్ని పేము బెత్తంతో బాదిన పంతుళ్ళ మధ్య ఈయన వేరే రకం. తప్పు పాడితే కోప్పడేవాడు కాదు. హార్మోనియం మెట్టు మీద వేలు పెట్టి, ఇంకొకసారి పాడమ్మా అనేవాడు. ఊపిరి ఎక్కడ పీల్చాలో, మాట ఎక్కడ విరగకూడదో, అన్నీ ఆయన చెప్పినవే. ఇవాళ నేను నోరు తెరిచి ఏ పాట పాడినా ఆ ఊపిరి ఆయన పెట్టినదే. ఈ సంగతి నాకు సంతోషమూ కాదు, మరిచిపోదామంటే వీలూ కాదు.

చిన్నమ్మతో మాట్లాడేటప్పుడు ఆయనకు ఇంకో గొంతుండేది. అన్నం మెత్తనైతే ఒక మాట, గట్టిగా ఉంటే ఒక మాట. తలుపు చప్పుడైతే పళ్ళెం గోడకు తగిలేది. నేను చూస్తున్నానని తెలిసినా తగ్గేవాడు కాదు. చిన్నమ్మ నాకంటే మహా అయితే పన్నెండేళ్ళు పెద్దది. గలగలా మాట్లాడే మనిషి, ఆ ఇంట్లో పిల్లిలాగా నడిచేది.

ఒక మధ్యాహ్నం ఆయన కొత్త పాటకు వరస వెతుకుతున్నాడు. నేను హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాను. పెరట్లో చిన్నమ్మ రోట్లో ఎండు మిరపకాయలు దంచుతోంది. చప్పుడు ఆపమని ఒకసారి అరిచాడు. ఆపింది. వరస దొరకలేదు. పొద్దు పోతోంది, కూర కాలేదని ఆమెకు భయం. మళ్ళీ రోకలి మెల్లగా మొదలైంది. ఆయన లేచి వెనక్కి పోయాడు. కేక ఏమీ వినపడలేదు. రోకలి కింద పడిన చప్పుడు మాత్రం వచ్చింది. ఆయన తిరిగొచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, హార్మోనియం తిత్తి ఊదాడు. అంతసేపూ దొరకని వరస అప్పుడు దొరికింది. అది చాలా బాగుంది. నిజం చెప్పాలంటే, అంత అందమైన వరస పుడుతుండగా నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

పెరట్లోకి పోయి చూస్తే చిన్నమ్మ కుడి మణికట్టు కడుపుకు ఆనించి పట్టుకుని కూర్చుని ఉంది. చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. కళ్ళలో కారం పడింది, నువ్వు లోపలికి పో అంది. మరుసటి రోజు ఎముకలు కట్టే సాయిబు దగ్గరికి ఇద్దరం పోయాం. కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. దొరువు దగ్గర జారి పడ్డానని సాయిబుతో చెప్పింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కట్టు విప్పాక కూడా ఆ మణికట్టు వంగేది కాదు. ఆ చేత్తో ఆమె మళ్ళీ బిందె ఎత్తలేదు.

ఆ తర్వాత ఆమె కొన్నిసార్లు నంద్యాలకు వచ్చేసింది. వచ్చిన ప్రతిసారీ మా ఇంటి ముందు గదిలో అయ్యగారు, మా నాయన, మిగతా పెద్దలు కూర్చునేవాళ్ళు. చిన్నమ్మ గోడవారన నిలబడేది. మమ్మల్ని బయటికి పొమ్మనేవాళ్ళు. లోపల ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు వినపడేది కాదు. కాసేపటికి ప్రార్థన చేసిన గొంతు వినపడేది. తెల్లవారి నాయన ఆమెను బస్టాండుకు తీసుకుపోయి ఆళ్లగడ్డ బస్సెక్కించేవాడు. అమ్మ శనక్కాయల పొడి పొట్లం కట్టిచ్చేది. చిన్నమ్మ ఆ పొట్లం ఎడమచేత్తో పట్టుకుని వెనక్కి చూడకుండా పోయేది.

ఇట్లా కొన్నేళ్ళు గడిచాక చిన్నాయన తన దగ్గర పాటలు నేర్చుకుంటున్న ఒకామెను తీసుకుని కడప పక్కకు వెళ్ళిపోయాడు. అప్పుడు చూడాలి మా సంఘాన్ని. చిన్నమ్మ చెయ్యి విరిగినప్పుడు చాప మీది నుంచి లేవని పెద్దమనుషులు, ఈ కబురు రాగానే అందరూ లేచి నిలబడ్డారు. చిన్నాయనను ప్రభు బల్లకు దూరం పెట్టామని ఆదివారం గుడిలో చదివారు. ఆయన అక్కడ లేనే లేడు, ఎవరిని దూరం పెట్టినట్టో. ఆయన పేరు ఇకమీదట గుడిలో వినపడకూడదని కూడా అన్నారు.

అక్కడ వచ్చింది చిక్కు. పేరు పాటలో ఉంది. పాట మొత్తం మానేద్దామన్నారు కొందరు. ముసలమ్మలు ఒప్పుకోలేదు. ఆ పాట లేకుండా మమ్మల్నెట్ల పూడుస్తారని గొడవ చేశారు. పేరు తీసేసి ఇంకో మాట పెడదామని మా నాయన కాగితం కలం తీసుకుని కూర్చున్నాడు. ఆయనకు పద్యం గిద్యం కొంచెం వచ్చు. ఏ మాట పెట్టినా అక్కడ నడక కుంటింది. చివరికి నాయనే తేల్చాడు. మనిషి వేరు, పాట వేరు, పాటేం తప్పు చేసింది, నాలుగో చరణం ఒక్కటి విడిచిపెట్టి పాడుకుందాం అన్నాడు. అందరికీ అది న్యాయంగా తోచింది. పాపం అంటినంత మేర కోసేసి మిగతాది వాడుకోవడం, పుచ్చు వంకాయకు చేసినట్టు.

కానీ ఆ కోసేసిన చోటే కదా నీళ్ళున్నది. అప్పటి నుంచి మా గుడిలో దొరువు ఎండేది, చేను ఎండేది, మనిషి ఎండిపోయేవాడు, అంతే, అందరం కూర్చునేవాళ్ళం. శవాన్ని దించేటప్పుడూ అంతే. అలవాటు తప్పని ముసలమ్మ ఎవరైనా నాలుగో చరణం అందుకుంటే చుట్టుపక్కల అందరూ దగ్గేవాళ్ళు. నేను నాయనతో కొన్ని రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టి పళ్ళెం టక్కున కింద పెట్టేదాన్ని. పాటను ఇట్లా కుంటిదాన్ని చేస్తారా అని నా బాధ. నోటి దాకా వచ్చి ఆగిపోయే ఆ గొంతును ఏం చేసుకోవాలో తెలిసేది కాదు.

ఆయన వదిలేసి పోయాక చిన్నమ్మ నంద్యాలకు వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆడపిల్లల హాస్టల్లో వంటపని దొరికింది. గుడికి ప్రతి ఆదివారం వచ్చేది. ఆ పాట మొదలవగానే పక్కనున్న ఎవరి చంటిబిడ్డనో ఎత్తుకుని బయటికి పోయేది. బిడ్డ ఏడుస్తున్నా ఏడవకపోయినా సరే. బిడ్డలు లేని మనిషి గదా పాపం, ప్రేమ అని ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. పాట అయిపోయాక లోపలికొచ్చి బిడ్డను తల్లికిచ్చి కూర్చునేది. వేరే ఏ పాటకూ ఆమె లేచేది కాదని నేను తప్ప ఎవరూ గమనించినట్టు లేదు.

కాలం గడిచింది. నేను ట్రైనింగు చేసి పంతులమ్మనయ్యాను. గుడిలో పాటలు ముందుండి పాడించే పని నాకొచ్చింది. చిన్నాయన జబ్బు చేసి పోయాడని కబురొచ్చింది. మావాళ్ళెవరూ పోలేదు. చిన్నమ్మ ఆ పూట కూడా హాస్టలుకు పోయి పప్పు వండింది. ఆమె ముఖంలో ఏదన్నా కనిపిస్తుందేమోనని నేను ఆ సాయంత్రమంతా ఆమె వెంట తిరిగాను. విసుక్కుని, నీకు పనేం లేదా అంది.

ఆ ఏడే మాకు కొత్త అయ్యగారు వచ్చారు. కుర్రవాడు, వేరే ఊరివాడు, ఉత్సాహం ఎక్కువ. నాలుగో చరణం సంగతి ముసలమ్మలు ఆయన చెవిన వేశారు. ఆయన మా ఇంటికొచ్చి, మనిషి పోయాక ఇంకా శిక్ష దేనికి, ఆళ్లగడ్డ సభల్లో ఈసారి పాట మొత్తం పాడిద్దాం అన్నాడు. చిన్నాయన నోటి నుంచి నేరుగా నేర్చుకున్నదాన్ని మా గుడిలో నేనొక్కదాన్నే గనుక నేను పాడాలి. పాట పుట్టుక గురించి నాయన నాలుగు మాటలు చెప్పాలి. ఇంతవరకూ ఆగితే ఎట్లాగో ఉండేది. కవిగారి భార్యగా చిన్నమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం అని కూడా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు చిన్నమ్మ ఆయనకు టీ ఇస్తోంది. గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. ఆమె సిగ్గుపడిందనుకుని అయ్యగారు మురిసిపోయాడు.

నాకు ఆ రోజు నుంచి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. సంతోషం కలిగింది, దాన్ని దాచను. మిద్దె మీదికి పోయి ఎవరికీ వినపడకుండా నాలుగో చరణం అందుకునేదాన్ని. గొంతు పైకి లేస్తుంటే ఇన్నాళ్ళూ ముడుచుకున్న ఒళ్ళంతా సాగినట్టుండేది. అంతలో రోకలి కింద పడిన చప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకునేదాన్ని. కిందికి దిగేదాన్ని. చిన్నమ్మ ఎడమచేత్తో బిందె ఎత్తుతూ కనపడేది. మళ్ళీ మిద్దె ఎక్కేదాన్ని. బడిలో పిల్లల మీద అనవసరంగా అరిచాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఈ పాట నాదీ కాదు, ఆయనదీ కాదు, పత్తి చేలో ఆడవాళ్ళది అని ఒక పూట సర్ది చెప్పుకుంటే, మరుసటి పూటకు ఆ సర్దుబాటు వీగిపోయేది.

నాయనతో వాదం పెట్టుకున్నాను. పాట పాడితే పాడదాం, చిన్నమ్మకు శాలువా ఏమిటన్నాను. ఆమెకు గౌరవం జరగడం నీకిష్టం లేదా అన్నాడు. దేనికి గౌరవం, చెయ్యి విరగ్గొట్టించుకున్నందుకా అన్నాను. మనిషి వేరు, పాట వేరు అని మళ్ళీ అదే మాట ఎత్తాడు. చరణం ఎత్తేసినప్పుడు నాతో మాట్లాడనిదానివి నువ్వే కదా, ఇప్పుడు పాడమంటే ఎందుకు గింజుకుంటున్నావని కూడా అడిగాడు. అందుకే ఇంకా గట్టిగా అరిచాను.

చివరికి నేరుగా చిన్నమ్మనే అడిగాను. ఆమె పెరట్లో పాతచీరలు పరిచి బొంత కుడుతోంది. పాడనా, వద్దా అన్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది.

“పాట బాలేదని నేనెప్పుడన్నా అంటినా?” అంది.

లేదన్నాను.

“బాగుండాది. బాగుండబట్టే నేను అన్నేండ్లు ఆ ఇంట్లో ఉంటి. ఇట్లాంటిది కట్టినోని లోపల యాడో ఒక చోట తడి ఉంటాది, ఈ పొద్దు కాకపోతే రేపు కనపడతాది అనుకుంటి. నేనొక్కదాన్నే కాదు, అందరూ అట్లే అనిరి. చెయ్యి ఇరిగి నేనీడికొస్తే, ముందర రూములో కూచోని మీ నాయన ఏమన్నాడో తెలుసునా నీకు? అంత పాట కట్టినోడు చెడ్డోడెట్లయితాడమ్మా, నువ్వే సర్దుకోలేకుండావేమో చూసుకో అన్నాడు. అయ్యగారూ అదే అనె. ఆ పొద్దు ఒక్కడన్నా మనిషి వేరు, పాట వేరు అనింటే నేను మల్ల ఆ బస్సు ఎక్కేదాన్నే కాదు. అప్పుడు రెండూ ఒకటే అనిరి. ఇప్పుడు వేరంటాండారు.”

సూది గుచ్చి దారం లాగింది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుండిపోయాను. నా చిన్నప్పటి నుంచి మూసిన తలుపు వెనక ఏం మాట్లాడుకున్నారో నాకు తెలిసింది అప్పుడే. నాకు మా నాయన మీద వచ్చిన కోపం సంగతి అట్లా ఉంచి, సిగ్గు వచ్చింది. ఆ తలుపు బయట మేము తొక్కుడు బిళ్ళ ఆడుకునేవాళ్ళం.

“నువ్వు పాడుకో, నేనొద్దనను,” అంది మళ్ళీ. “అయితే మీ నాయన్ని, ఆ రూములో అన్న మాట ఆడ అందరి ముందరా చెప్పి, అప్పుడు పాడించమను. చెప్తే నేనూ వచ్చి కూచుంటా. చెప్పకపోతే ఆ శాలువా తీస్కపోయి హార్మోనియం పెట్టెకు కప్పమను.”

ఆమె అన్నది అన్నట్టు నాయనకు చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. నేనొక్కడినే అన్నానా, అందరం అన్నాం కదా అన్నాడు. ఆ కాలం అట్లాంటిదన్నాడు. తర్వాత చెప్పులేసుకుని కుందూ ఏటి వైపు పోయి చీకటి పడేవేళకు వచ్చాడు. ఆ వారమంతా ఆయన ముందు గదిలో కూర్చోలేదు, వసారాలోనే కుర్చీ వేసుకున్నాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు. సభల్లో ఆయన లేచి నిలబడితే పిల్లలు కూడా సద్దుమణుగుతారు. అట్లాంటి మనిషి అంతమంది ముందు ఆ మాట చెప్పుకోవాలి. ఆయన పేరు ఏమవుతుందో నాకు తెలియక కాదు. అయినా నేను జాలిపడలేదు.

ఒక పొద్దున ఆయన పెరట్లోకి పోయి చిన్నమ్మ ముందు నిలబడ్డాడు. నేను అప్పుడు అట్లా అనకుండా ఉండాల్సింది అన్నాడు. వంటింటి గుమ్మంలో నేనూ అమ్మా నిలబడి ఉన్నాం. చిన్నమ్మ చీపురు పక్కన పెట్టింది.

“ఈడ చెప్తే ఏం లాభం బావా? నాకు తెలిసిందే గదా అది. తెలియనోళ్ళు ఆడుంటారు,” అంది.

సభల రోజు అందరం ఆళ్లగడ్డకు పోయాం. చిన్నమ్మ కూడా వచ్చింది. మీ నాయన చెప్తే ఉంటా, లేకుంటే లేచి బస్టాండుకు పోతా అని నాతో ముందే అంది. ఆయన చెప్పకపోతే పాడకూడదని నేనూ అనుకున్నాను గానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నా మీద నాకే నమ్మకం లేదు. మైకు ముందు నిలబడితే నా గొంతు నా మాట వినదేమోనని భయం. పందిరి కింద జనం కిటకిటలాడుతున్నారు. కొత్తపల్లె వైపు నుంచి లారీ కట్టించుకుని వచ్చినవాళ్ళున్నారు. వేదిక మీద బల్ల, దాని మీద కవరులో మడతపెట్టిన శాలువా.

అయ్యగారు పిలవగానే నాయన లేచాడు. పాట ఏ ఏడు పుట్టింది, ఏ ఏ పల్లెలకు పోయింది, మొదట అదంతా చెప్పాడు. జనం తలలూపారు. ముసలమ్మలు అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నారు. ఇక చాలు, కూర్చుంటాడు అనిపించింది నాకు. చిన్నమ్మ కొంగు సర్దుకుని లేవబోయింది. నాయన కింద తన కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బడిలో పాఠం చెప్పే భాషలో, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు.

“ఈ పాట కట్టినవాడు తన భార్య చేయి విరిచాడు. ఆమె మాకు చెప్పుకోవడానికి వచ్చింది. ఇంత మంచి పాట కట్టినవాడు చెడ్డవాడు కాడని చెప్పి, మేము ఆమెను తిరిగి ఆ ఇంటికే పంపాము. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ పంపాము. ఆ మాట మొదట అన్నది నేను.”

కూర్చున్నాడు. లౌడ్‌స్పీకరు గుయ్యిమంది. పందిరి కింద ఎవరూ దగ్గలేదు. శాలువా బల్ల మీదే ఉండిపోయింది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అయ్యగారి ముఖం వాడిపోయింది. ఏం చేయాలో తోచక నా వైపు చెయ్యి ఊపాడు.

నేను పాడాను. మామూలుగా పల్లవి అందుకోగానే జనమంతా కలుస్తారు. ఆ రోజు ఎవరూ కలవలేదు. దొరువు ఎండింది, చేను ఎండింది, మనిషి ఎండిపోయాడు, అన్నీ నా ఒక్కదాని గొంతులోనే. నాలుగో చరణం దగ్గర ఆగుతానేమో అనుకున్నాను. ఆగలేదు. గొంతు దానంతటది పైకి లేచింది. ఊట పడింది. ఆయన పేరు వచ్చింది, పలికాను. ఆయన నేర్పిన చోటే ఊపిరి పీల్చాను. చిన్నమ్మ వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని నన్నే చూస్తోంది. ఏడవలేదు. ఆ పాట ఆమె మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినడం ఎన్నేళ్ళ తర్వాతో.

సభ అయ్యాక కొందరు ముసలమ్మలు వచ్చి చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నారు. మగవాళ్ళు కొందరు నాయన్ని చుట్టుముట్టి, ఇంటి సంగతి ఈడ చెప్పేదేందయ్యా అని నిలదీశారు. భోజనాలకు ఆగకుండా బస్టాండుకు నడిచాం.

బస్సులో ఆడవాళ్ళం ముందు సీట్లో కూర్చున్నాం. నాయన ఎక్కడో వెనక ఉన్నాడు. చిన్నమ్మ కిటికీ పక్కన కూర్చుని చేలు చూస్తోంది. ఆమె ఏమన్నా అంటుందేమోనని నాకు ఒకటే ఆరాటం. శిరివెళ్ళ దాటిపోయాక నా వైపు తిరిగింది.

“బాగా పాడినావే,” అంది. తర్వాత మామూలు గొంతుతోనే, “ఇంక మల్ల నా ముందర ఎప్పుడూ పాడొద్దు,” అంది.

సరేనన్నాను. ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

నంద్యాలలో దిగాక చిన్నమ్మ ముందు నడుస్తోంది. నాయన వెనక నుంచి గబగబా వచ్చి నన్ను కలుసుకున్నాడు. గొంతు తగ్గించి, ఏమన్నా అనిందా అని అడిగాడు. ఆ వారంలో ఆయన ముఖం చిక్కిపోయింది. బాగా పాడినానంది అని చెప్పాను. అమ్మయ్య అన్నాడు. ఆయన నడక అప్పటికప్పుడే తేలికైంది, దారిలో ఎవరో నమస్కారం పెడితే ఆగి పలకరించాడు కూడా. ఆమె అన్న రెండో మాట నేనాయనకు చెప్పలేదు.